మైకు గొట్టాల్లో నా పెళ్లిచూపులు

మైకుసెట్టు ఇంటి ఆడపిల్లకు ఒక సుఖముంది. ఊళ్లో ఎవరింట్లో పెళ్లి, ఎవరింట్లో చెవులు కుట్టడం, ఎవరింట్లో దినం, అన్నీ అందరికంటే ముందు తనకే తెలుస్తాయి. తన ఇంట్లో జరిగేది మాత్రం ఊరికి తెలియాల్సిన పని లేదు. ఆ రెండోది నేను చాలా ఏళ్లు నమ్మాను.

ఆళ్లగడ్డ బజార్లో మా నాయనకు మైకుసెట్టు షాపు ఉండేది. ఒక యాంప్లిఫయరు, గొట్టాలు, రికార్డులు తిప్పే మిషను, ఇనప్పెట్టె నిండా రికార్డులు. పెట్టె సాయంత్రానికి ఇంటికొచ్చేది. మెత్తటి గుడ్డతో రికార్డులు తుడవడం, అరిగినవి వేరు చేయడం, మిషనుకు ముల్లు మార్చడం నా పని. చిన్నప్పుడు పోలియో వచ్చి నా కుడికాలు సన్నబడిపోయింది. నడిస్తే ఒక పక్కకు ఒరుగుతాను. ఇంట్లో కూర్చుని చేసే పనులన్నీ అందుకే నా పాలికి వచ్చాయి. కాలు సంగతి మా వీధిలో అందరికీ తెలుసు, నాకు అందులో పెద్ద సిగ్గేమీ ఉండేది కాదు. సిగ్గు వచ్చింది దాన్ని దాచిన రోజున.

డెబ్బై దశకం చివర్లో నంద్యాల నుంచి నాకొక సంబంధం వచ్చింది. తెచ్చింది మా మేనత్త. పిల్లవాడు నూనెమిల్లులో పనిచేస్తాడు, తండ్రి లేడు, తల్లీ కొడుకులే ఉంటారు. కాలు సంగతి వాళ్లకు చెప్పావా అని అమ్మ అడిగితే అత్త ఈగను తోలినట్టు చెయ్యి విసిరింది.

"చెప్తే వస్తారా? ముందు మొగం సూడనీ. వాండ్లొచ్చే లోపల పిల్ల పీట మీద కూసోనుండల్ల. వాండ్లు పొయ్యేదాకా లేయగూడదు. అంతే."

అమ్మ నా వైపు చూసింది. నేను వద్దు అని ఒక్క మాట అని ఉంటే అది అక్కడే ఆగిపోయేది. అనలేదు. పెళ్లి కావాలని నాకూ ఉండేది, ఎందుకు ఉండకూడదు? ఆ రోజు కాలు నేనే మడుచుకున్నాను. పట్టుచీర కుచ్చిళ్లు దాని మీద పరుచుకున్నాను. సరిగ్గా కప్పుకుందో లేదో అమ్మను ఎదురుగా నిలబెట్టి చూడమన్నాను కూడా.

పిల్లవాడు నాకు నచ్చాడు. పెళ్లిచూపుల్లో అందరూ అడిగే ప్రశ్నలు అతను అడగలేదు. మా నాయన వృత్తి తెలిసి, "రికార్డు అరిగిందని సూస్తానే ఎట్ల తెలుస్తాది?" అని నన్నే అడిగాడు. వెలుతురులో వాలుగా పట్టుకుంటే మెరుపు పోయి బూడిదరంగు కనిపిస్తుందని చెప్పాను. తల ఊపి, ముల్లు ఎన్నాళ్లకు మారుస్తారని అడిగాడు. అదీ చెప్పాను. నా పని గురించి నన్ను అడిగిన మొదటి మనిషి అతనే. మనసులో అప్పుడే నంద్యాలకు కాపురం వెళ్లిపోయాను.

అంతలో వాళ్లమ్మ, "లేసి పెద్దోళ్లకు దండం పెట్టుకోమ్మా," అంది.

"కూసోనే పెట్టుకుంటాది లే వదినా," అంది అత్త తొందరగా.

"ఏం, లేయలేదా?"

లేచాను. నాలుగడుగులు వేసేసరికి ఆమె చూపు నా మొహం మీది నుంచి కాళ్ల మీదికి దిగిపోయింది. "ఇంగోసారి నడువమ్మా, ఆ తలుపుదాకా," అంది. నడిచాను. తలుపు దగ్గర మా తమ్ముడు నిలబడి ఉన్నాడు. వాడి మొహం కందగడ్డలా అయిపోయింది. వాళ్లు బజ్జీలు ముట్టకుండా లేచారు.

అందరికంటే వెనక వెళ్లింది పిల్లవాడు. అరుగు కింద చెప్పులేసుకుంటూ, కిటికీలో ఉన్న నాకు మాత్రమే వినబడేట్టు, "ముందే చెప్పింటే బాగుండు," అన్నాడు. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ మాటకు తల కొట్టేసినట్టయింది.

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు సంగతే మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. గోడలు దాటకపోతే చాలు, ఎన్నాళ్లకో ఒకనాటికి నేనే మర్చిపోతాననుకున్నాను.

మా తమ్ముడు అప్పటికి నంద్యాల కాలేజీలో చదువుతున్నాడు. నాయన మద్రాసు వెళ్లినప్పుడల్లా పాత రికార్డులు మూటగట్టి తెచ్చేవాడు. ఒకసారి ఆ మూటలో ఒక ఫారిన్ రికార్డు వచ్చింది. చిరిగిన అట్ట మీద నలుగురు కుర్రాళ్లు జుట్టు ముళ్లపందిలా నిక్కబొడుచుకుని, మనమేదో వాళ్లకు బాకీ పడ్డట్టు గుర్రుగా చూస్తున్నారు. నాయన దాన్ని మిషను మీద పెట్టి కాసేపు విని, యాంప్లిఫయరు పాడైందనుకుని విప్పదీశాడు. తమ్ముడు మాత్రం ఆ రికార్డును నంద్యాలకు ఎత్తుకుపోయాడు. దాన్ని పంక్ అంటారని ఏదో పత్రికలో చదివొచ్చి చెప్పాడు.

"దీనికి సంగీతం రావాల్సిన పన్లేదక్కా. కోపముంటే సాలు," అన్నాడు.

కోపానికైతే మా సీమలో ఎప్పుడూ కరువు లేదు. వాడూ, ఇంకో ముగ్గురు స్నేహితులూ చేరి ఒక గిటారు, స్కూలు బ్యాండు వాళ్లు పారేసిన డ్రమ్ములు సంపాదించి, నంద్యాలలో ఖాళీగా ఉన్న పత్తి గోడౌన్లో మొదలుపెట్టారు. మిగతా కుర్రాళ్లంతా ఆర్కెస్ట్రాలు పెట్టి సినిమా పాటలు పాడుతుంటే వీళ్లు అరుస్తున్నారని ఊరు నవ్వింది. వీళ్ల ఆశ మాత్రం చిన్నది కాదు. ఏకంగా ఒక పెద్ద రికార్డు వేస్తారట. అందులో విడివిడి పాటలు కాదు, రెండు వైపులా కలిపి ఒకటే కథ. ఒకడి మేనమామ మద్రాసు స్టూడియోల్లో వయొలిన్ వాయించేవాడు. ఆయన స్టూడియో చూసిపెడతానన్నాడు. నాలుగిళ్ల వాళ్లూ తిట్టుకుంటూనే తలా కొంత ఇచ్చారు.

"ఏం కథరా?" అని అడిగాను ఒక సెలవు రోజు.

"ఒక ఇంట్లో ఒక దినం. పొద్దున్నించి మాపటిదాకా."

నాకు ముచ్చటేసింది. రికార్డుల సంగతి నాకు తెలుసు కాబట్టి సలహాలు కూడా చెప్పాను. రికార్డు ఒక పక్కన పాటలు ఎక్కువ కుక్కితే మోగేటప్పుడు గొంతు సన్నబడుతుందని చెప్పాను. పాటకూ పాటకూ మధ్య గ్యాపు వదలాలా వద్దా అని వాడు తేల్చుకోలేకుంటే, "ఒకటే కథ అంటాండావు కదా, మల్ల గ్యాపు ఎందుకు? సుప్రభాతం రికార్డుకు గ్యాపులుంటాయా?" అని ఆటపట్టించాను. వాడు ఎగిరి గంతేశాడు. ఆ సంతోషంలో కథ ఏ ఇంటిదో నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

నాయన ఒకే షరతు పెట్టాడు. "మొదట వినాయకుని పాట ల్యాకపోతే నా షాపులో పెట్టను, సూడు." వాడిది భజనల్లో పాడిన గొంతు. ముందు ఒక ప్రార్థన బుద్ధిగా పాడి నాయన మాట నిలబెట్టాడు.

ఎనభై దశకం మొదట్లో, వేసవిలో, రికార్డుల అట్టపెట్టె మద్రాసు నుంచి బస్సు మీద వచ్చింది. తమ్ముడు పరీక్షల కోసం నంద్యాలలోనే ఉండిపోయాడు. అట్ట పసుపురంగులో ఉంది. దాని మీద పారాణి పెట్టిన రెండు పాదాలు, పైన పెద్ద అక్షరాలతో "పాదాలు" అని పేరు. నాయన కళ్లకద్దుకున్నాడు. అమ్మవారి పాదాలనుకున్నాడు. నేను చూసేసరికి ఒక పాదం రెండోదానికంటే సన్నగా ఉంది. బొమ్మ వేసినవాడికి చేతకాలేదులే అని నాకు నేను చెప్పుకున్నాను.

మైకుసెట్టు వాళ్లు కొత్త రికార్డును పూర్తిగా వినరు. మొదట కొంచెం వింటారు, గీతలున్నాయేమో చూసుకుంటారు, పెట్టెలో పెడతారు. పాటలు వెతుక్కోవడం చెవితో కాదు, కంటితో. నల్లటి రికార్డు మీద మెరిసే గ్యాపులు చూసి ఎన్నో పాటో చెప్పేస్తారు. గ్యాపు లేకుండా ఒకటే నలుపుగా ఉంటే అది సుప్రభాతమో, స్తోత్రమో, హరికథో అయి తీరాలి. నాయన ప్రార్థన విన్నాడు, కొడుకు గొంతుకు పొంగిపోయాడు, గ్యాపులు లేవని చూశాడు. "భక్తి రికార్డు," అని తేల్చేశాడు. కొడుకు అరుపులు మాని దారికొచ్చాడన్న ఆయన సంతోషం చూసి, అది వాడి అరుపుల కథేనని నాకు చెప్పబుద్ధి కాలేదు. మైకుసెట్ల వాళ్లు రికార్డులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవడం ఆనవాయితీ. శిరివెళ్లకు, నంద్యాలకు, జూపాడు బంగ్లాకు, అడిగినవాడికీ అడగనివాడికీ తలా ఒకటి పంపేశాడు. అదేదో కొడుకు పెళ్లి శుభలేఖలు పంచినట్టు పంచాడు.

ఆ వారంలోనే మా వెనక వీధిలో పెళ్లి. మైకు మాదే. నాయన ఇంకో బేరం మీద శిరివెళ్ల వెళ్లాడు. పెళ్లింట్లో మిషను ఆడించే మా షాపు మనిషి తెల్లవారుజామున గొట్టాలు నాలుగు దిక్కులకూ తిప్పి కట్టి, ఆ కొత్త భక్తి రికార్డు పెట్టాడు. భక్తి రికార్డు పెడితే ఒక పక్క అయ్యేదాకా మిషను దగ్గర మనిషితో పనిలేదు. అందరూ చేసినట్టే ఆయనా కాఫీకి వెళ్లిపోయాడు.

నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. తమ్ముడి ప్రార్థన గాల్లో తేలి వచ్చింది. అమ్మ చీపురు పక్కన పెట్టి చేతులు జోడించింది. "నా కొడుకు గొంతు సూడు," అని గోడవతలి వాళ్లకు చెప్పింది. ప్రార్థన అయిపోయింది. ఆ వెంటనే ఇనప రేకుల మీద రాళ్లు పోసినట్టు ఒక మోత లేచింది. ఆ మోతలోంచి మా తమ్ముడు గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టాడు.

"పీట మీద బొమ్మ కూసోనుండాది! బొమ్మకు నోరు ల్యా, బొమ్మకు కాలు ల్యా!"

అమ్మ చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి.

"లెయ్! నడువ్! తలుపుదాకా నడువ్! సంతలో పశువును సూసినట్ల సూడు!"

బజ్జీలు కూడా వచ్చాయి పాటలో. నూనెమిల్లు వచ్చింది. "నంద్యాల నూనెమిల్లు కుక్క" అని వచ్చింది, ఒకసారి కాదు, పల్లవిగా. మా ఇంటి గోడల మధ్య కుక్కిపెట్టిందంతా గొట్టాల్లోంచి ఊరి మీద పడుతోంది. గోడవతల మాటలు ఆగిపోయాయి. ఇల్లిల్లూ నిలబడి వింటోందని తెలుస్తోంది. చచ్చిపోవాలనిపించింది. అది ఊరికే అనే మాట కాదు, నిజంగానే అనిపించింది.

నాయన లేడు. అమ్మకు మిషను ఆపడం రాదు. నాకొచ్చు. ముగ్గుచిప్ప కింద పెట్టి బయల్దేరాను. పరుగెత్తలేను కదా. వీధి మధ్యలో ఒరుగుతూ, వీలైనంత వేగంగా నడిచాను. అరుగుల మీద జనం. నెత్తి మీద "నడువ్! ఇంగోసారి నడువ్!" అని మా తమ్ముడి కేకలు. ఆ కేకకు అడుగు పడుతోంది, అడుగుకు కేక పడుతోంది. పాటకు నన్ను తోడు తెచ్చుకున్నట్టుంది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఒకావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

పెళ్లింట్లో వంకాయలు తరిగే ఆడవాళ్లు కత్తిపీటల మీదే కొయ్యబారిపోయారు. పెళ్లికూతురి తండ్రి మిషను ముందు నిలబడి, దాన్ని ఎక్కడ పట్టుకుంటే ఆగుతుందో తెలియక, "శుభమా అని పెండ్లి జేస్తాంటే ఏందప్పా ఇది!" అని అరుస్తున్నాడు. పక్కకు జరగమని ముల్లు ఎత్తాను. ఊరంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో అందరూ నన్నే చూస్తున్నారు. ఏం చేయాలో తోచక, చేతికి అలవాటైన పనే చేశాను. రికార్డు తీసి అట్టలో పెట్టి, సన్నాయి రికార్డు వెతికి, తుడిచి పెట్టాను. మా షాపు మనిషి కాఫీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు. ఆయన్ను ఏమీ అనలేదు. సన్నాయి మోగుతుండగా వచ్చిన దారినే నడిచి ఇంటికొచ్చాను.

ఊరు నన్ను ఎగతాళి చేస్తుందనుకున్నాను. అట్లా చేసి ఉంటే తట్టుకునేదాన్నేమో. ఊరంతా నా పక్షం చేరింది. నీళ్ల దగ్గర, బట్టల షాపు దగ్గర, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు చెయ్యి పట్టుకుని, "వాండ్లకు పుట్టగతులుండవు లేమ్మా," అనేవాళ్లు. నంద్యాల తల్లీకొడుకులను నా ముందు తిట్టిపోసేవాళ్లు. నేను తల దించుకుని వినేదాన్ని. కాదు, దాచింది మేమే అని ఒక్కరికీ చెప్పలేకపోయాను.

పరీక్షలు అయ్యాక తమ్ముడు వచ్చాడు. నాయన అప్పటికే బస్సులెక్కి దిగి రికార్డులన్నీ వెనక్కి తెచ్చేశాడు. వాటిని గదిలో మూలన పడేసి కొడుకుతో మాట్లాడటం మానేశాడు. నేను మధ్యాహ్నం రికార్డులు తుడుస్తుంటే వాడొచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నీ కోసమే చేసినా అక్కా. వాండ్లు నిన్నట్ల నడిపిచ్చినప్పుడు నా కడుపు మండిపాయె. మన ఇంట్లో ఒక్కరూ నోరెత్తల్యా. ఎవరో ఒకరు అరవల్ల కదా?"

వాడి కళ్లల్లో నీళ్లున్నాయి. వాడిది దొంగ కోపం కాదని నాకు తెలుసు. తెలిసీ ఒళ్లు మండింది.

"నీ రెండు పక్కల కథలో నేనేం జేసినారా?"

వాడికి అర్థం కాలేదు.

"బొమ్మ అన్యావు. పీట మీద కూసోనుండాది అన్యావు. కాలు మడిచిందెవరు?"

"అత్త..."

"అత్త చెప్పింది. మడిచింది నేను. చీర కప్పింది నేను. కనపడకుండా ఉండాదా అని అమ్మను అడిగింది నేను. ఆయప్ప చెప్పులేసుకుంటా ఏమన్యాడో ఇన్యావా నువ్వు?"

"ల్యా."

"ముందే చెప్పింటే బాగుండు అన్యాడు. నాకు ఆయప్ప నచ్చినాడురా. నచ్చినాడు కాబట్టే మోసం జేసి చేసుకుందామనుకున్యా. అదీ నా సిగ్గు. వాండ్లు నడిపిచ్చింది కాదు. అది నీ పాటలో యాడుంది?"

రికార్డంతా గొంతు చించుకున్నవాడు నేను తుడిచిన రికార్డునే తీసుకుని మళ్లీ తుడిచాడు. "నువ్వు చెప్పనేల్యా కదక్కా," అన్నాడు.

"నువ్వు అడిగితివా?"

అప్పుడే నాకు ఇంకో సంగతి తట్టింది. నాయన నంద్యాలకు కూడా రికార్డు పంపాడు. వెనక్కి తెచ్చేలోపు అక్కడా ఎవరో ఒకరు తెల్లవారుజామున భక్తి రికార్డని పెట్టే ఉంటారు. అతను వినే ఉంటాడు. మొదట నేను కాలు దాచానని అనుకున్న మనిషి, ఇప్పుడు తనను కుక్క అని ఊరంతటి ముందు తిట్టించానని కూడా అనుకుంటాడు. తమ్ముడు నా మొహం చూసి, తానే పోయి చెప్పొస్తానన్నాడు.

"నువ్వు పాడింది సాలు," అన్నాను.

మర్నాడు బట్టలు కొనుక్కొస్తానని అమ్మకు చెప్పి నంద్యాల బస్సెక్కాను. నూనెమిల్లు దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. తలుపు తీసింది అతనే. నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మీ అమ్మ ఉండాదా?" అన్నాను.

"ఉండాది. మా సందులో గృహప్రవేశానికి ఆ రికార్డు ఏసినారు. అప్పట్నించి మా అమ్మ గడప దాటల్యా."

లోపల ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. మా ఇంటికి వచ్చిననాటి దర్జా లేదు. నేను గడప దగ్గర్నుంచి ఆమె దాకా నడిచి వెళ్లాను. ఆమె నా కాళ్ల వైపు చూడకుండా ఉండటానికి కిటికీ వైపు చూస్తోంది.

"నిన్నట్ల నడిపిచ్చిండకూడదమ్మా నేను," అంది. "కూసో." పక్కనున్న పీట నా వైపు జరిపింది.

నేను కూర్చోలేదు.

"ఆ పాట నాకు తెలియకుండా జేసినారు. అందులో లేనిది ఒకటుండాది, చెప్పి పోతా. కాలు మడిచి దాచుకునింది నేనే. ఎవరూ బలవంతం జేయల్యా. మీ పిల్లోడు నచ్చినాడు, అందుకే దాచుకున్యా. మీరు లేయమన్యారు, లేసినా. దాంట్లో మీ తప్పు ల్యా."

అతను తలుపు పట్టుకుని నేల చూస్తున్నాడు. వాళ్లమ్మ గోడకు చెయ్యి ఆనించి, మెల్లగా, తనూ లేచి నిలబడింది.